రెండో ప్రకటన

పిలిచేదాకా ఇక్కడే కూర్చోమన్నాడు అటెండరు, బల్ల చూపించి, నేనెక్కడికో పారిపోతానన్నట్టు తలుపు దగ్గర ఆగి రెండుసార్లు వెనక్కి చూశాడు కూడా. కరకట్ట తెగడం మీద విచారణలో నేను పదకొండో సాక్షిని. లోపల పదో సాక్షిని అడుగుతున్నారు. మాటలు వినబడవు, కుర్చీ జరిపిన చప్పుడు, ఎవరో దగ్గిన చప్పుడు, అంతే. వరండా నిండా తడి కాగితం వాసన. బయట మెట్ల మీదా, సైకిల్ స్టాండు రేకుల మీదా ఫైళ్ళు ఆరబెట్టారు, ఒక్కో కట్ట మీద ఒక్కో ఇటుకముక్క పెట్టి. తుపాను వెళ్ళి యాభై రోజులు దాటింది, అవి ఇంకా ఆరుతూనే ఉన్నాయి. ఎదురుగోడ మీద నా భుజమెత్తున గోధుమరంగు చార ఒకటి ఈ చివరి నుంచి ఆ చివరిదాకా తిన్నగా సాగిపోయింది. నీళ్ళు అక్కడిదాకా వచ్చి ఆగాయి. ఈ ఆఫీసు ఊళ్ళోకెల్లా మిట్ట మీద ఉంది. మిట్ట మీదే భుజందాకా వస్తే కరకట్ట కింద కాలనీలో ఎంత వచ్చి ఉండాలి అని మొదలుపెడతాను, అక్క వాళ్ళ గుమ్మం గుర్తొస్తుంది, ఆ గుమ్మంలోంచి బావ ప్రతిసారీ తల వంచి లోపలికి రావడం గుర్తొస్తుంది, అక్కడితో ఆపేస్తాను. పొద్దున అక్క ఇటే వచ్చింది. చనిపోయినవాళ్ళ కుటుంబాలకి లోపల వెనకవరసలో కుర్చీలు వేశారట. నన్ను చూసి ఆగింది. "ఏమైనా తిన్నావా?" అంది. తిన్నానన్నాను. తినలేదు. "భయపడకు, తెలిసింది చెప్పు, తెలియంది తెలీదను" అని నా చీరకుచ్చెళ్ళు సర్ది లోపలికి వెళ్ళింది. నేను చిన్నప్పుడు పరీక్షకి వెళుతున్నప్పుడు కూడా సరిగ్గా ఇదే మాట అనేది.

మాట్లాడటం నా ఉద్యోగం. ఈ మేడ మీదే కంట్రోల్ రూము. ఎక్కడ పైపు పగిలినా, ఏ పేటకి నీళ్ళు ఆగినా, పసిపిల్లలకి చుక్కలమందు ఏ రోజో, సముద్రం మీదికి ఎప్పుడు వెళ్ళకూడదో నా గొంతే చెబుతుంది. పరుపులు గోడలకి బిగించిన చిన్న గదిలో నేను చదువుతాను, మైకు అతను రికార్డు చేస్తాడు, నాలుగు వ్యాన్లు ఆ గొంతుని నెత్తిన పెట్టుకుని ఊరంతా తిరుగుతాయి. పదేళ్ళ నుంచి ఇదే. ప్రతి ప్రకటన చివరా "జాగ్రత్త" అంటాను కాబట్టి పిల్లలు నాకు జాగ్రత్తమ్మ అని పేరు పెట్టారు. కూరగాయలు బేరమాడుతుంటే దుకాణం ఆవిడ మొహం చూడకుండానే, "అమ్మా, మీరు ఆ మైకులో ఆవిడ కదూ" అనేది. బావయితే మరీను. నేను వాళ్ళింటికి వెళితే చాలు, కుట్టుమిషను తొక్కడం ఆపి, గొంతు మార్చి, "ప్రజలకు విజ్ఞప్తి. మా మరదలు వచ్చియున్నది. కావున కుర్చీ మీది గుడ్డలు తీసి కూర్చోబెట్టవలెను. జాగ్రత్త" అనేవాడు. అక్క నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకునేది. వినీ వినీ నాకు విసుగొచ్చింది కానీ అక్కకి రాలేదు. పదేళ్ళలో నా గొంతు అబద్ధం చెప్పలేదు. నీళ్ళు రావంటే రాలేదు, వస్తాయంటే వచ్చాయి. ఆ కాలనీలో మనుషులు గడియారంకంటే దాన్నే ఎక్కువ నమ్మేవారు.

మొదటి ప్రకటన ఆ రోజు పొద్దున తొమ్మిదింటికి రికార్డు చేశాం. కాగితం మా ఆఫీసు పెద్దసారే స్వయంగా రాసిచ్చారు. కరకట్ట పటిష్ఠంగా ఉంది, ఎవరూ ఇళ్ళు వదలనవసరం లేదు, వదంతులు నమ్మవద్దు. అప్పటికి గాలి పెద్దగా లేదు, ఆకాశం మాత్రం పాచిపట్టిన గిన్నెలా ఉంది. మైకు అతను చెవులకి తగిలించుకున్నది ఒక పక్కకి జరిపి, "అక్కా, పటిష్ఠంగా అన్నచోట కొంచెం నవ్వుతున్నట్టు చెప్పు, జనానికి ధైర్యంగా ఉంటుంది" అన్నాడు. నవ్వుతున్నట్టు చెప్పాను. ఇప్పటికీ ఎక్కడో ఆ మాట అదే నవ్వుతో వినబడుతూ ఉంటుంది, గిన్నెలు తోముతుంటే, బస్సు కిటికీ దగ్గర కూర్చుంటే. ప-టి-ష్ఠం-గా. ఒత్తులన్నీ చక్కగా పలికాను. నాకు ఒత్తులు పలకడం నేర్పింది కూడా పెద్దసారే. ఈ ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను రోజుకూలీ మనిషిని, ఎప్పుడు వద్దంటారో తెలియదు. ఆయనే పై ఆఫీసుకి నాలుగుసార్లు తిరిగి నన్ను పర్మనెంటు చేయించారు. అమ్మ ఆఖరి రోజుల్లో ఆస్పత్రికి ఆయన జీపే వచ్చింది, డ్రైవరు లేకపోతే ఆయనే నడిపారు, అమ్మ తల నా ఒళ్ళో, ఆయన అద్దంలోంచి చూస్తూ "ఇంకాసేపే తల్లీ, ఇంకాసేపే" అంటూ. నాన్న పోయాక నన్ను తల్లీ అని పిలిచిన మనిషి ఆయనొక్కరే. ఆయన రాసిచ్చిన కాగితాన్ని నేను అనుమానించాలని నాకెలా తోస్తుంది?

ఫోను మూడూ పదికి వచ్చింది. లాగ్ పుస్తకంలో టైము వేసేటప్పుడు గోడగడియారం చూడటం నాకు అలవాటు, చూశాను, మూడూ పది. కరకట్ట మీద తూము దగ్గర గుడిసెలో ఉండే కాపలా తాత. ఆయన మామూలుగా ఫోనులో అరుస్తాడు, వైరు పొడుగునా మాట నడిచి వెళ్ళాలని ఆయన నమ్మకం. ఆ రోజు మాత్రం చిన్నపిల్లకి పద్యం చెప్పినట్టు ఒక్కొక్క మాటా విడదీసి చెప్పాడు. "అమ్మా, నీళ్ళు వస్తున్నాయి. పైనుంచి కాదు. కింద నుంచి. కట్ట అడుగున. బురదగా కాదు, తేటగా కాదు, ఇసకతో వస్తున్నాయి. రాసుకున్నావా?" రాసుకున్నాను తాతా అన్నాను. "చదువు" అన్నాడు. చదివాను. అప్పుడు సరే అన్నాడు. ఇసకతో వస్తున్నాయంటే కట్ట లోపల్నించి కరుగుతోందన్నమాట. పుస్తకం అలాగే పట్టుకుని పెద్దసారు గదిలోకి పరిగెత్తాను. ఆయన చదివారు, కళ్ళజోడు తీశారు, మళ్ళీ పెట్టుకుని మళ్ళీ చదివారు. మరో కాగితం లాక్కుని రెండో ప్రకటన రాశారు. చేతిరాత ఎక్కడా వణకలేదు. మూడూ ఇరవైకి రికార్డు చేయడం కూడా అయిపోయింది, ఒకే విడతలో, ఎక్కడా తప్పు పోలేదు. బయటికొచ్చి, "సార్, మా అక్కావాళ్ళు కింద కాలనీలోనే ఉన్నారు, ఒక్క ఫోను చేసుకుంటాను" అన్నాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేశారు. "తల్లీ, నువ్వు మొదలుపెడితే ఇక్కడున్న ఇరవైమందీ మొదలుపెడతారు. లైన్లన్నీ సొంతవాళ్ళతో నిండిపోతాయి. పది నిమిషాల్లో ఈ ప్రకటన మీ అక్క గుమ్మం ముందు ఉంటుంది. నన్ను నమ్ము." నమ్మాను. నిజానికి నాకు గర్వంగా కూడా అనిపించింది, అది ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. సొంత మనుషుల్ని కూడా వరసలో నిలబెట్టగలిగిన మనిషినని గర్వం.

మూడూ ముప్పావుకి ఎవరో ఆడమనిషి ఫోను చేసింది, వాళ్ళ మామగారికి నడుం పడిపోయింది, ఎత్తుకెళ్ళడానికి ఎవరైనా వస్తారా అని. ఆవిడ గొంతు వెనక గాలి, గాలి వెనక వ్యాను, వ్యానులో నేను. నవ్వుతూ. కరకట్ట పటిష్ఠంగా ఉంది. ఆవిడే అంది, "మీరు ఇళ్ళు వదలొద్దంటున్నారు కదా, అందుకే ఆగాం, కానీ వీధిలోకి నీళ్ళొస్తున్నాయమ్మా." నేనేమన్నానో గుర్తు లేదు. పెద్దసారు గదికి వెళ్ళాను, తలుపు దగ్గరే నిలబడి, "సార్, ఇంకా పాతదే వస్తోంది" అన్నాను. ఆయన ఎవరితోనో ఫోనులో ఉన్నారు, చేత్తో మూసి, "వ్యాన్లకి చెప్పాం, మారుస్తున్నారు" అన్నారు. మళ్ళీ నమ్మాను. నా బల్ల దగ్గరికొచ్చి రిసీవరు ఎత్తాను. అక్క నంబరు మొదటి నాలుగంకెలు నొక్కాను. పక్క ఫోను మోగింది. ఇది పెట్టి అది ఎత్తాను. అది పెట్టాక మరోటి. మధ్యలో ఖాళీ రాలేదా అంటే వచ్చింది. ఒక నిమిషం. రెండు నిమిషాలు కూడా కావచ్చు. ఆ ఖాళీలో నేను నీళ్ళు తాగాను. నాలుగూ ఇరవైకి కట్ట తెగింది, నాలుగున్నరకి కాలనీ వైపు లైన్లు పోయాయి.

బావ మేడ మెట్లు ఎక్కేశాడట. అక్కని ఎక్కించాడు, పక్కింటి ముసలావిడని ఎక్కించాడు, తనూ ఎక్కాడు. అప్పుడు గుర్తొచ్చింది, ఎవరో పెళ్ళివాళ్ళ గుడ్డలు, కుట్టినవీ కుట్టనివీ, కిందే మూటలో ఉన్నాయని. అక్క వద్దంది. "మన గుడ్డలైతే పోనీ అనుకుందును, ఊరివాళ్ళవి. రేపు వాళ్ళకి మొహం ఎలా చూపించను?" అని దిగాడు. నడుం లోతే ఉన్నాయి అప్పటికి. అక్క మెట్ల పైనుంచి చూస్తూనే ఉంది. ఆ గుమ్మంలో తల వంచి లోపలికి వెళ్ళడం చూసింది. మూట బయటికొచ్చింది, తేలుతూ, మనిషి రాలేదు.

ఆ తరవాత ఊరు చేసింది ఊరు చేసింది. లారీలు బాగుచేసే మెకానిక్కులు టైర్లలోని ట్యూబులు ఊది, మంచాలు కట్టి తోసుకుంటూ వెళ్ళారు. చేపల పడవలవాళ్ళు ఎవరూ పిలవకుండానే వీధుల్లోకి పడవలు తెచ్చారు, తమ ఇళ్ళు కూడా పోయినవాళ్ళే. కాలేజీ ఆడపిల్లలు బళ్ళో అన్నం వండి బకెట్లతో మోశారు. రెండో రోజు హెలికాప్టరు వచ్చి మిద్దెల మీద పొట్లాలు విసిరింది. మూడోరోజు పెద్దవాళ్ళు బోట్లలో వచ్చి, ప్యాంట్లు మడతపెట్టుకుని, మోకాలు లోతు నీళ్ళు ఎక్కడున్నాయో వెతుక్కుని అక్కడ నిలబడి ఫొటోలు దిగారు. పదిహేనో రోజున మాకు సన్మానం. ముప్పైఆరు గంటలు కుర్చీ దిగకుండా పనిచేసినందుకు నాకు ప్రశంసాపత్రం, పెద్దసారుకి శాలువా. హాలంతా చప్పట్లు. ముందువరసలో ఒక పెద్దాయన నా చెయ్యి పట్టుకుని, "మీ గొంతు వింటుంటే మాకు ఎంత ధైర్యమో అమ్మా" అన్నాడు. ఆ కాగితానికి అద్దం కట్టించమని మైకు అతను సలహా ఇచ్చాడు. అప్పటికి బావకి దినాలు అయి నాలుగు రోజులు. అప్పటికింకా నేను అనుకుంటున్నదేమిటంటే, రెండోది వెళ్ళే ఉంటుంది, వ్యాన్లు అప్పటికే నీళ్ళలో చిక్కుకుపోయి ఉంటాయి, ఎవరి తప్పూ కాదు, గాలి తప్పు, నీళ్ళ తప్పు.

ఇరవయ్యో రోజున, తడిసిన ఫైళ్ళు వేరుచేస్తుంటే ఆ కాగితం చేతికొచ్చింది. పై ఆఫీసుకి పంపిన రిపోర్టు నకలు. ఆ రోజు మధ్యాహ్నం పన్నెండింటిది. కింద కాలనీ, వంద శాతం ఖాళీ చేయించడమైనది. కింద పెద్దసారు సంతకం, చక్కగా, వణుకు లేకుండా. నేలమీద చతికిలబడి చాలాసేపు దాన్నే చూశాను. బస్సులు రాలేదు, వచ్చినట్టు రాశారు. మనుషులు వెళ్ళలేదు, వెళ్ళినట్టు రాశారు. ఖాళీ అయిపోయిన కాలనీని మూడున్నరకి మళ్ళీ ఖాళీ చెయ్యండని మైకులో చెప్పడం ఎలా? పైవాళ్ళు వింటే ఏమంటారు? అందుకని మొదటిదే తిరగనిచ్చారు. లేని మనుషుల చెవుల్లో నేను నవ్వుతూ తిరిగాను. లేని మనుషులు మిద్దెలెక్కారు, లేని మనుషులకి పైనుంచి పొట్లాలు పడ్డాయి, మా బావ కాగితం ప్రకారం ఆ రోజు ఆ ఇంట్లోనే లేడు. మరి నా చేత రెండోది ఎందుకు చదివించారు? బహుశా చదివిస్తున్నంతసేపూ పంపుదామనే అనుకున్నారేమో. లేక నేను ఊరుకోవడానికి చదివించారేమో. ఆ రెండింటిలో ఏదైతే నాకు కొంచెం నయంగా ఉంటుందో తేల్చుకోలేక ఎన్ని రోజులు పోయాయో.

అక్క అప్పుడు బళ్ళో ఉంది, ఐదో తరగతి గదిలో, బల్లలు గోడకి జరిపి వేసిన చాప మీద. ఇంకో ఆరు కుటుంబాలు అదే గదిలో. నేను వెళ్ళినప్పుడు పెళ్ళివాళ్ళ గుడ్డలు ఉతికి కిటికీ ఊచలకి ఆరేస్తోంది. వాటిని తిరిగి ఇవ్వాలట. నావైపు చూడకుండా, రవిక చేతులు నీళ్ళు పిండుతూ అడిగింది, "ఏమే, ఒకటి అడుగుతాను, నిజం చెప్పు. కట్టకి అలా ఉందని నీకు ముందే తెలుసా?" గొంతులో కోపం లేదు. ఏదో లెక్క కుదరక అడిగినట్టు అడిగింది. తెలీదక్కా అన్నాను. ఆ రెండు మాటలూ కూడా చక్కగానే పలికాను. అక్క తల ఊపి, "నాకు తెలుసు, నీకు తెలిస్తే ఊరుకుంటావా" అంది. ఆ రాత్రి ఇంటికొచ్చి ఏమీ చెయ్యలేదు, ఏడవలేదు కూడా. మర్నాడు ఆఫీసుకి వచ్చాక మాత్రం ఏడుపొచ్చింది, పెద్దసారు గదిలో, ఆయన ముందే. రిపోర్టు గురించి ఎత్తలేదు, ధైర్యం చాలలేదు. అక్కకి అబద్ధం చెప్పానని మాత్రం చెప్పాను. ఆయన తలుపు దగ్గరగా వేసి, మంచినీళ్ళిచ్చి, నేను ఏడవడం అయ్యేదాకా కూర్చున్నారు. నాకు అన్నీ ఇచ్చిన మనిషికి ఆ రహస్యం నేనే ఇచ్చాను.

ఇదిగో, ఆయనే వస్తున్నారు వరండాలోంచి. చేతిలో కాగితపు కప్పు. వచ్చి నా పక్కనే, బల్ల చివర కూర్చున్నారు, ఆయన బరువుకి నా వైపు బల్ల కొంచెం లేచింది. జుట్టుకి రంగు వెయ్యడం మానేసినట్టున్నారు, చెవుల మీద తెల్లగా కనిపిస్తోంది. ఒక్క క్షణం జాలేసింది. అలవాటు అలాంటిది.

"టీ తాగు. పొద్దున్నించి ఏమీ తిని ఉండవు."

తీసుకున్నాను. తాగలేదు.

"పెద్ద విషయమేం కాదు తల్లీ. ఫోను వచ్చిందను. వచ్చింది కాబట్టి రాలేదనక్కర్లేదు. గాలి హోరుకి మాట స్పష్టంగా తెలియలేదను. అబద్ధం కూడా కాదుగా, గాలి ఉంది కదా ఆ రోజు."

"మరి రెండో రికార్డింగు సార్?"

"ఏ రెండోది? మైకు అతన్ని లోపల అడుగుతూనే ఉన్నారు ఇప్పుడు. ఒకటే చేశామని చెబుతున్నాడు." కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. "నా కోసం అడగట్లేదు. నాకింకో ఏడాది సర్వీసు, పోతే పోతుంది. మీ అక్క వెనక వరసలో కూర్చుని ఉంది. నీకు తెలుసని ఆవిడకి ఇప్పుడు తెలియడం అవసరమా చెప్పు. ఆవిడకి మాత్రం ఎవరున్నారు, నువ్వు తప్ప."

ఎంత మెత్తగా అన్నారో. అమ్మ తల నా ఒళ్ళో ఉన్నప్పటి గొంతే అది. ఆ జీపులో ఉన్నదీ ఈయనే, ఆ రిపోర్టు మీద సంతకమూ ఈయనదే, ఇద్దరు మనుషులైతే నాకు సులువుగా ఉండేది. ఆయన లేచి, వెళ్ళేముందు నా తల మీద చెయ్యి పెట్టారు. ఆ చెయ్యి బరువు ఇంకా ఉండగానే తలుపు తెరుచుకుంది, మైకు అతను బయటికి వచ్చాడు. కొత్త చొక్కా వేసుకున్నాడు, మెడ దగ్గర మడత ఇంకా పోలేదు. నన్ను చూడనట్టు పోబోయాడు.

"ఏం చెప్పావు?" అన్నాను.

ఆగాడు. గోడ మీది చారని చూస్తూ, "పిల్లలున్నారక్కా" అన్నాడు.

అంతే. పదేళ్ళు ఒకే గదిలో, పరుపుల మధ్య, ఒకరి ఊపిరి ఒకరికి వినబడేంత దగ్గరగా పనిచేశాం. నేను ఏ అక్షరం దగ్గర తడబడతానో నాకంటే ముందు అతనికి తెలుసు. ఆ రోజు రెండోది చదవడం అయిపోగానే చెవులది తీసేసి, "ఒక్క టేకులో అయిపోయిందక్కా, దేవుడున్నాడు" అన్నది అతనే. మెట్లు దిగి, ఆరుతున్న ఫైళ్ళ మధ్య జాగ్రత్తగా అడుగులేసుకుంటూ వెళ్ళిపోయాడు. కాగితం కట్టని తొక్కకూడదని అంత శ్రద్ధ.

స్పష్టంగా తెలియలేదను. నేను ఈ మాట దగ్గరే ఆగిపోతున్నాను. ఆ తాత ఎంత స్పష్టంగా చెప్పాడు. రాసుకున్నావా, చదువు, అన్నాడు. చదివాక కూడా ఫోను పెట్టలేదు. నేనే అన్నాను, "తాతా, చెప్పావుగా, ఇక నువ్వొచ్చెయ్ అక్కణ్ణించి." "వస్తానమ్మా. మీరు మైకులో చెప్పండి ముందు. ఇక్కడికి వ్యాను వినిపిస్తుంది. జనానికి చెప్పారని తెలిశాక వస్తాను. ముందే వచ్చేస్తే, ఏం లేదులే ముసలాడికి భయమేసిందంటారు" అన్నాడు. అని నవ్వాడు కూడా. ఆ నవ్వు కూడా నాకు స్పష్టంగానే వినబడింది. ఆయన ఆ గుడిసె ముందు కూర్చుని ఎంతసేపు విన్నాడో. గంటా పది నిమిషాలు నా గొంతే ఆయనకి వినబడుతూ ఉండి ఉంటుంది, కరకట్ట పటిష్ఠంగా ఉందని, ఆయన కాళ్ళ కింద ఉన్న కట్ట గురించి ఆయనకే. ఆవిడ రాసుకుంది, చదివింది, మరి ఎందుకు చెప్పట్లేదు అనుకున్నాడా? నన్ను తిట్టుకున్నాడా? తిట్టుకుని లేచి వచ్చేసినా బాగుండేది. ఆయన దొరకలేదు. ఆయన కోసం వెనక వరసలో ఎవరూ కుర్చీ అడగలేదు, ఎవరూ లేరు. ఆయన తరఫున ఈ లోకంలో ఉన్నది మూడూ పదికి నేను విన్న ఆ నాలుగు మాటలే. వాటిని కూడా గాలిలో కలిపెయ్యమంటున్నారు.

"పదకొండు" అన్నాడు అటెండరు.

కప్పు బల్ల మీద పెట్టి లేచాను. హాలు అనుకున్నదానికంటే చిన్నది. పొడుగుబల్ల వెనక ముగ్గురు, మధ్యలో జడ్జీగా చేసి రిటైరైన పెద్దాయన, చెవిలో వినికిడి మిషను. పక్కగా రాసుకునే గుమాస్తా. కిటికీ దగ్గర పెద్దసారు, కాలు మీద కాలు. వెనక వరసలో అక్క, ఒళ్ళో సంచి, నన్ను చూసి చిన్నగా తల ఊపింది. చెప్పు, ఏం ఫరవాలేదు అన్నట్టు. ప్రమాణం చేయించారు. ఆ రోజు కరకట్ట మీద నుంచి ఏమైనా సమాచారం అందిందా అని అడిగాడు పెద్దాయన.

"అందింది సార్. మూడూ పదికి."

"స్పష్టంగా ఉందా?"

"నేను మీతో మాట్లాడుతున్నంత స్పష్టంగా."

తాత చెప్పింది చెప్పినట్టు చెప్పాను. ఎవరికి ఇచ్చానో చెప్పాను. కిటికీ వైపు చూడలేదు. పెద్దాయన ముందున్న లాగ్ పుస్తకం తిప్పి చూపించాడు, మూడూ పది దగ్గర ‘మాట తెలియలేదు’ అని ఉంది. ఇది మీ చేతిరాత కాదా అన్నాడు. నా చేతిరాతలాగే ఉంది, ఎవరో కష్టపడ్డారు. "పుస్తకమే మాది కాదు సార్" అన్నాను. "ముప్పైఆరు గంటలు ఇరవైమందిమి దాని మీదే తిన్నాం, తాగాం, దాని మీదే తల పెట్టి కునికాం. ఈ పుస్తకంలో ఒక్క టీ మరక చూపించండి." వెనక ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. పెద్దాయన ఒక్కొక్క పేజీ తిప్పాడు, తెల్లగా, శుభ్రంగా, ఒకే పెన్నుతో. చాలాసేపు తిప్పాడు. పక్కనున్నాయన చెవిలో ఏదో అన్నాడు, ఆయన రాసుకున్నాడు. అప్పుడు నావైపు తిరిగి, రెండో ప్రకటన ఉందంటున్నారు, అందులో ఏముంది, గుర్తుందా అన్నాడు.

గుర్తుండకపోవడమేమిటి? నిలబడే ఉన్నాను, ఇంకొంచెం తిన్నగా నిలబడ్డాను. గొంతు దానంతటదే ఆ గదిలోని గొంతు అయిపోయింది. ఇది అత్యవసర ప్రకటన. కరకట్టకి గండి పడే ప్రమాదం ఉంది. కింద కాలనీలోని ప్రజలందరూ ఉన్నపళంగా ఇళ్ళు వదిలి ఎత్తైన ప్రదేశాలకు వెళ్ళండి. సామాన్ల కోసం ఆగవద్దు. వృద్ధులను, పిల్లలను ముందు పంపండి. ఇళ్ళలోకి తిరిగి వెళ్ళవద్దు. మళ్ళీ చెబుతున్నాం, ఏ వస్తువు కోసమూ ఇళ్ళలోకి తిరిగి వెళ్ళవద్దు. వెనకవరసలో ఒక ముసలాయన చెప్పుల కోసం కాలితో తడుముకుంటున్నాడు, సగం లేచాడు కూడా, పక్కనున్న అమ్మాయి మోచెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. ఇంకెవరూ కదల్లేదు. కిటికీ దగ్గర కాలు మీద కాలు దిగింది.

"మీ బంధువులు ఆ కాలనీలో ఉన్నారని రికార్డులో ఉంది. వారికి మీరు తెలియజేశారా?" మూడో ఆయన అడిగాడు. మామూలు ప్రశ్నే, వరసలో ఉన్న ప్రశ్న.

లేదన్నాను. సార్ వద్దన్నారు, పది నిమిషాల్లో ప్రకటన వెళుతుందన్నారు, నమ్మాను. మూడూ ముప్పావుకి పాతదే తిరుగుతోందని తెలిసింది. అప్పుడు కూడా చెప్పలేదు. మాటలు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి, నేను వెనకవరస వైపే చూస్తూ చెబుతున్నాను. అక్క మొహంలో మొదట ఏమీ లేదు. తరవాత ఒళ్ళో సంచి పట్టుకున్న చేతులు ఆగిపోయాయి. లేచి నిలబడింది. కూర్చోండమ్మా, మీ వంతు వచ్చినప్పుడు అన్నాడు అటెండరు. అక్క అతన్ని వినిపించుకోలేదు. ఎవరి మీదా అరవలేదు.

"మూడూ పదికి ఫోను నా చేతిలోనే ఉంది" అంది. "ఆయన గుండీలు కుడుతూ, టైమెంతయింది అని అడిగారు. ఫోనులో చూసి చెప్పాను."

నాతో కాదు, గదిలో అందరితో అన్నట్టు అంది. సంచి భుజానికి తగిలించుకుని, వరసలోని మోకాళ్ళని దాటుకుంటూ, ‘కొంచెం, కొంచెం’ అని దారి అడుగుతూ బయటికి వెళ్ళిపోయింది. తలుపు స్ప్రింగు తలుపు, ఊగి ఊగి ఆగింది. తిరిగి వస్తుందని ఎవరికో ఆశ ఉన్నట్టు కొన్ని క్షణాలు అందరూ అటే చూశారు. పెద్దాయన గొంతు సవరించుకుని, అసలు లాగ్ పుస్తకం, వ్యాను డ్రైవర్లు నలుగురూ సాయంత్రంలోగా తన ముందు ఉండాలన్నాడు, అంతవరకూ ఆ కిటికీ దగ్గరున్న అధికారి ఈ ఆవరణ వదిలి వెళ్ళకూడదన్నాడు. పెద్దసారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నారు. నావైపు చూశారేమో, నేను చూడలేదు.

సాక్ష్యం చదివి వినిపించు అన్నారు గుమాస్తాని. అతను మంచివాడిలాగే ఉన్నాడు, నెమ్మదిగా, ఎక్కడా మింగకుండా చదివాడు. టైములు సరిగ్గా రాశాడు, తాత మాటలు సరిగ్గా రాశాడు. ఆఖరి పేరాకి వచ్చాడు. "పై అధికారి ఆదేశాల కారణంగా సదరు సాక్షి తన అక్కగారికి ఫోను చెయ్యలేకపోయింది." ఆగి, తలెత్తి, "సరిచెయ్యాల్సినవి ఏమైనా ఉన్నాయామ్మా?" అన్నాడు.

"ఒకటుంది" అన్నాను. "చెయ్యలేకపోయింది అని రాశారు. అది కొట్టేసి, చెయ్యలేదు అని రాయండి."

అతను పెద్దాయన వైపు చూశాడు. పెద్దాయన చెవిలోని మిషను సర్దుకుని నన్నే చూస్తున్నాడు. గుమాస్తా ఆ మాట మీద అడ్డంగా ఒక గీత గీసి, పైన చిన్న అక్షరాలతో రాసి, కాగితం నావైపు తిప్పాడు. దిద్దినచోట కూడా సంతకం కావాలమ్మా అన్నాడు. పెట్టాను.